మునిగినా తడవని నోరు

రుషికొండ దగ్గర నీళ్లలోకి దిగి ఇరవై నిమిషాలు కాకముందే నా నోరు పిడచగట్టుకుపోయింది. పది మీటర్ల లోతున ఉన్నాను. నెత్తిమీదా కాళ్లకిందా చుట్టూతా బంగాళాఖాతమే. అయినా నాలుక అంగిటికి అంటుకుపోయింది. గుటక వేయబోతే గొంతులో గీరుకున్నట్టయి దగ్గొచ్చింది. ఆ దగ్గుతో పాటే మౌత్‌పీస్ పీకి అవతల పారేయాలన్న తపన పుట్టింది. తీస్తే ఏమవుతుందో తెలుసు కనుక చేత్తో గట్టిగా అదిమిపట్టుకుని, అందులోకే దగ్గాను. పైకొచ్చాక శిక్షకుడికి చెబితే, "అందరికీ అవుద్ది సార్. సిలిండర్ గాలి కదా, పొడిగాలి" అన్నాడు.

అతను చెప్పింది నిజమే. కానీ ఆ గాలి ఎందుకంత పొడిగా ఉంటుంది, దానికి చెమ్మ అద్దుతామని అమ్మే సామాన్లు ఎంతవరకు పనిచేస్తాయి, డబ్బు పెట్టకుండా చేసుకోగలిగింది ఏమన్నా ఉందా అని ఆ రోజు నుంచి వెతుకుతూనే ఉన్నాను. విశాఖలోను, అండమాన్ స్వరాజ్ ద్వీప్‌లోను ఇప్పుడు మనవాళ్లు చాలామంది డైవింగ్ నేర్చుకుంటున్నారు. చాలామందికి మొదటి భయం పుట్టేది చేపల్ని చూసి కాదు, ఈ ఎండిన గొంతు వల్లే. అందుకే ఈ సంగతి మొత్తాన్నీ ఒకచోట పెట్టి చూద్దామనిపించింది.

మాది కొండాపురం. ఉదయగిరి, ఆత్మకూరు వైపు మెట్ట ప్రాంతం. కావలి సముద్రం మాకు పెద్ద దూరం కాకపోయినా, మా బతుకంతా చెమ్మ కోసం ఎదురుచూపే. పొగాకు బ్యారన్ల దగ్గర పెరిగాను. ఆకును వేడిగాలిలో ఎండబెట్టాక అది కరకరలాడుతుంది. అప్పుడే దించితే చేతిలోనే పొడవుతుంది. తలుపులు తెరిచి రాత్రి గాలికి వదిలితే చెమ్మ పీల్చుకుని మెత్తబడుతుంది. దాన్నే పదును అంటాం. మా మేనమామ ఆకును వేలితో వంచి చూసి, "పదునుకు రానీరా అబ్బయా, తొందరపడితే పిండవుద్ది. ఎక్కువైతే బూజు పడుద్ది" అనేవాడు. ట్యాంకు గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌కు తగిలించే చెమ్మ పరికరాల గురించి చదువుతున్నంతసేపూ ఆ మాట నా చెవిలో ఉంది.

ముందు ఆ గాలి సంగతి చూద్దాం. విశాఖ తీరంలో 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న రోజున ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 23 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. మన డైవింగ్ కేంద్రాల్లో ఎక్కువగా కనిపించే అల్యూమినియం ట్యాంకు లోపలి జాగా 11 లీటర్లు. దాన్ని 200 బార్ ఒత్తిడికి నింపితే 2,200 లీటర్ల గాలి పడుతుంది. అంటే కంప్రెసర్ పీల్చుకున్న గాలిలో 50 గ్రాముల నీళ్లున్నట్టు లెక్క. యూరప్ ప్రమాణం ఈఎన్ 12021 ప్రకారం 200 బార్ లోపు సిలిండర్‌లో ఘనపు మీటరుకు 50 మిల్లీగ్రాములకు మించి నీరు ఉండకూడదు. ఆ లెక్కన ట్యాంకు మొత్తంలో మిగలాల్సింది 110 మిల్లీగ్రాములు. రెండు నీటి చుక్కలు! మిగతాదాంట్లో చాలావరకు కంప్రెసర్ దగ్గరే వేరై కారిపోతుంది. ఆ తర్వాత కూడా మిగిలే తడిని ఫిల్టర్ గొట్టంలోని గుళికలు పీల్చేసుకుంటాయి.

ఇంత పట్టుదలగా ఎండబెట్టడం మనల్ని ఏడిపించడానికి కాదు. ట్యాంకులో తడి మిగిలితే లోపల తుప్పు పడుతుంది. ఉక్కు సిలిండర్‌లో తుప్పు పట్టడమంటే ఇనుము ఆక్సిజన్‌ను తినేయడమే. తడి ఉన్న ఉక్కు సిలిండర్లు చాలాకాలం వాడకుండా పడి ఉండి, లోపలి గాలిలో ఆక్సిజన్ తగ్గిపోయి, దాన్ని పీల్చినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్న ఉదంతాలు డైవింగ్ చరిత్రలో ఉన్నాయి. చల్లని నీళ్లలోనైతే ఆ తడి రెగ్యులేటర్‌లో గడ్డకట్టి వాల్వును పట్టేస్తుంది. కాబట్టి "గాలిని కాస్త తడిగానే నింపండి" అని ఏ కంప్రెసర్ దగ్గరా అడగకూడదు. పొడిగాలి మన ప్రాణానికి పూచీ. చెమ్మ చేర్చుకోవాలంటే ట్యాంకు దాటాకే చేర్చుకోవాలి.

ఆ పొడిగాలి మనలోకి వెళ్లేసరికి ఊపిరితిత్తులకు 37 డిగ్రీల దగ్గర పూర్తిగా తడిసిన గాలి కావాలి. అంటే ఘనపు మీటరుకు 44 గ్రాములు. నేలమీద ఈ పని ముక్కు చేస్తుంది. లోపలికి వెళ్లే గాలిని తడిపి, బయటికి వచ్చే గాలి నుంచి కొంత తడిని వెనక్కి లాక్కుంటుంది. డైవింగ్‌లో ముక్కు మాస్కు లోపల మూసుకుపోయి ఉంటుంది. దాంతో ఆ చాకిరీ అంతా నాలుక, బుగ్గలు, గొంతు మీద పడుతుంది. అవి ఈ పనికి పుట్టినవి కావు.

అయితే ఒంట్లోంచి ఎంత నీరు పోతుంది? పది మీటర్ల లోతున ఒత్తిడి రెండింతలు కాబట్టి 2,200 లీటర్ల గాలి 1,100 లీటర్ల జాగాలోనే సరిపోతుంది. మనం వదిలే ఊపిరి 34 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే ఘనపు మీటరుకు 37 గ్రాములకు పైగా ఆవిరి మోసుకుపోతుంది. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసినా 40 గ్రాములే. మన హోటళ్లలో ఇచ్చే చిన్న గ్లాసులో సగం టీ అంత. లోతుకు వెళ్లేకొద్దీ నోరు ఇంకా ఎండుతుందని డైవర్లు తరచుగా అంటారు. కానీ ఆవిరి లెక్క గాలి చిక్కదనాన్ని బట్టి ఉండదు, ఆ గాలి ఆక్రమించిన జాగానూ దాని వేడినీ బట్టి ఉంటుంది. ఒక్కో శ్వాసకు పోయే నీరు పది మీటర్ల దగ్గరా ముప్పై మీటర్ల దగ్గరా ఒకటే. లోతున పెరిగేది వేడి నష్టం. గాలి చిక్కబడేకొద్దీ అది ఒంటి వేడిని ఎక్కువగా లాక్కుపోతుంది. గొంతు చల్లబడి బిగుసుకుంటే దాన్ని కూడా ఎండినట్టే అనుకుంటాం.

ఈ అర గ్లాసు లెక్క నాకు చాలా సంగతులు విడమరిచింది. డైవ్‌లో నోరెండినంత మాత్రాన ఒంట్లో నీళ్లు తగ్గిపోయాయని కాదు. అది నోటి పైపొరకు మాత్రమే వచ్చిన ఇబ్బంది. ఆ పొరను తడిగా ఉంచగలిగితే సరిపోతుంది. చెమ్మ పరికరాలను ఈ కొలతతోనే చూడాలి.

వాటిలో రెండు జాతులున్నాయి.

మొదటిది గొట్టానికి తగిలించేది. ట్యాంకు మీద బిగించే ఫస్ట్ స్టేజ్‌కు, నోటికి వచ్చే గొట్టానికి మధ్య ఒక చిన్న డబ్బా, అందులో తడిపిన స్పాంజి లాంటి ముక్క. జపాన్ కంపెనీ అపోలో పేరుతో వచ్చిన బయో ఫిల్టర్ ఈ రకానికి బాగా తెలిసిన ఉదాహరణ. వేసవిలో కిటికీకి వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లితే వడగాలి వాటిలోంచి దూరి చల్లగా తడిగా వస్తుంది కదా, సూత్రం అదే. చూడగానే నచ్చుతుంది. నాకూ నచ్చింది.

కానీ తడిక కట్టిన చోటు తేడా. కిటికీ దగ్గర గాలి మామూలు ఒత్తిడిలో ఉంటుంది. ఈ డబ్బా ఉన్నచోట గాలి చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కన్నా మరో తొమ్మిదిన్నర బార్ల ఒత్తిడిలో నలిగి ఉంటుంది. ఒక జాగాలో పట్టే ఆవిరి వేడిని బట్టే కాబట్టి, నలిగిన గాలి కూడా 27 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు 26 గ్రాములకు మించి తీసుకోలేదు. తర్వాత అదే గాలి నోటి దగ్గర విచ్చుకుంటుంది. పది మీటర్ల లోతున దాదాపు ఆరింతలు. తీసుకున్న తడి కూడా ఆరు వంతుల్లోకి పలచబడి, ఘనపు మీటరుకు నాలుగున్నర గ్రాములకు దిగుతుంది. ట్యాంకు మొత్తానికి లెక్కేస్తే ఐదు గ్రాములు. మా ఉదయగిరిలో చెక్కే చిన్న కొయ్య స్పూను నిండా నీళ్లు, అంతే. ఇదీ స్పాంజి వంద శాతం పనిచేసిందనుకుంటేనే. ఫస్ట్ స్టేజ్‌లో గాలి వ్యాకోచించి చల్లబడుతుంది కనుక నిజానికి ఇంకా తక్కువే అందుతుంది.

పోగొట్టుకునే నలభై గ్రాముల్లో ఐదు తిరిగి ఇచ్చే పరికరం పనికిరానిదని నేననను. మొదటి గాలి తాకిడికి నాలుక కొస చురుక్కుమనకుండా ఆ ఐదు గ్రాములే కాపాడవచ్చు. వాడినవాళ్లు హాయిగా ఉందంటే నమ్ముతాను. కానీ నోరెండే బాధను పూర్తిగా పోగొడుతుందని చెప్పి అమ్మితే ఆ మాట లెక్కకు నిలవదు.

రెండో జాతి నోటి దగ్గరే, సెకండ్ స్టేజ్ లోపల ఉంటుంది. అమెరికా కంపెనీ షెర్‌వుడ్ తన రెగ్యులేటర్లలో దీన్ని చాలాకాలంగా వాడుతోంది. గాలి వచ్చే పోయే గదిలో సన్నటి రెక్కల లాంటి పలకలుంటాయి. మనం వదిలిన వెచ్చని తడి ఊపిరి ఆ చల్లని పలకలకు తగిలి మంచులా పడుతుంది. మళ్లీ పీల్చినప్పుడు లోపలికి దూసుకొచ్చే పొడిగాలి ఆ తడిని ఎత్తుకొస్తుంది. ముక్కు లోపలి మడతలు చేసే పని కూడా సరిగ్గా ఇదే. ఇక్కడ గాలి అప్పటికే విచ్చుకుని ఉంది కనుక, గొట్టం డబ్బాకు అడ్డొచ్చిన ఆ పలచబడే చిక్కు దీనికి లేదు. నీళ్లు పోయక్కర్లేదు. మన ఊపిరిలోని నీరే మనకు తిరిగొస్తుంది. నా మొగ్గు దీనివైపే.

ఒకప్పుడు ఇది వీలుపడేది కాదు. 1943లో కూస్తో, గాన్యాన్ తయారుచేసిన ఆక్వాలంగ్ రెగ్యులేటర్‌లో పీల్చే గొట్టం ఒకటి, వదిలే గొట్టం ఇంకొకటి. వదిలిన ఊపిరి తడి మరో దారిన వీపు వెనక్కి వెళ్లిపోయేది. ఆస్ట్రేలియాలో టెడ్ ఎల్‌డ్రెడ్ 1952లో ఒకే గొట్టం రెగ్యులేటర్‌ను అమ్మకానికి తెచ్చాక, పీల్చడమూ వదలడమూ నోటి దగ్గర ఒకే చిన్న గదిలో జరగడం మొదలైంది. ఆ ఉమ్మడి గది ఉండబట్టే రెక్కలు పెట్టాలన్న ఆలోచనకు చోటు దొరికింది. లోహపు సెకండ్ స్టేజ్ వాడేవాళ్లు తమకు నోరు తక్కువగా ఎండుతుందంటారు. ప్లాస్టిక్ కన్నా లోహం త్వరగా చల్లబడి తడిని పట్టుకుంటుందన్నది వాళ్ల వివరణ. అది కూడా ఈ సూత్రంలోంచి పుట్టిందే కాబట్టి కొట్టిపారేయలేం.

ఆసుపత్రులు ఈ రెండు దారులనూ ఎప్పటినుంచో నడిచాయి. 2021లో కరోనా రెండో విడత వచ్చినప్పుడు ఆక్సిజన్ సిలిండర్‌కు తగిలించిన బుడగల సీసాను ఎన్ని ఇళ్లవాళ్లు చూసి ఉంటారో! సిలిండర్ ఆక్సిజన్ కూడా పొడిదే. దాన్ని నీళ్లలోంచి బుడగలుగా పంపి తడిపి ముక్కుకు అందిస్తారు. ఆ సీసా ఒత్తిడి తగ్గాక వస్తుంది, ముందు కాదు. అందుకే దానికి తడిపే శక్తి ఎక్కువ. వెంటిలేటర్ మీద ఉన్న రోగికి గొట్టం మొనలో ఒక చిన్న పరికరం బిగిస్తారు. అది రోగి వదిలిన ఊపిరి తడినే పట్టి తిరిగి ఇస్తుంది. లీటరు గాలికి కనీసం 30 మిల్లీగ్రాముల నీరు ఇవ్వాలన్నది అమెరికా శ్వాస చికిత్స నిపుణుల సంఘం సూచన. పొడిగాలి గొంతుకు చేసే చేటును వైద్యం ఎంత గట్టిగా పట్టించుకుందో ఈ అంకె చెబుతుంది.

ఆసుపత్రి నేర్పిన రెండో పాఠం శుభ్రత. బుడగల సీసాలో ఎలాంటి నీళ్లు పోయాలి, ఎన్నాళ్లకు మార్చాలి అని నర్సులు ఎందుకంత పట్టుబడతారంటే, నిలవ తడిలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. మా మేనమామ బూజు మాట ఇక్కడ మళ్లీ గుర్తుకొస్తుంది. స్పాంజి డబ్బాను తడిగానే సంచిలో పడేసి వారం తర్వాత మళ్లీ బిగిస్తే, ఆ గాలి నేరుగా ఊపిరితిత్తుల్లోకే వెళుతుంది. వాడితే డిస్టిల్డ్ వాటర్‌తోనే వాడాలి, డైవ్ అయిన రోజే విప్పి కడిగి పూర్తిగా ఆరబెట్టాలి, కంపెనీ చెప్పిన గడువుకు లోపలి ముక్క మార్చాలి. అద్దెకు తీసుకున్న రెగ్యులేటర్‌కు ఇలాంటిది ముందే బిగించి ఉంటే నేనైతే తీసేయమంటాను. ఎవరు ఎప్పుడు కడిగారో తెలియదు కదా. రెక్కల రకానికీ శుభ్రం కావాలి. సన్నని సందుల్లో ఉప్పూ ఉమ్మీ చేరతాయి కాబట్టి మంచినీళ్లలో బాగా ముంచి కడగాలి.

ఇంకో హెచ్చరిక అమెరికా, యూరప్‌లలో ఉంటున్న మన పిల్లలకు. అక్కడ చల్లని సరస్సుల్లోను, నీళ్లు నిండిన పాత రాతి క్వారీల్లోను డైవింగ్ నేర్పుతారు. యూరప్ రెగ్యులేటర్ ప్రమాణం 10 డిగ్రీల కన్నా చల్లని నీటిని ప్రత్యేకంగా చల్లని నీరని లెక్కగడుతుంది. అలాంటి నీళ్లలో గొట్టానికి తడి స్పాంజి తగిలించడమంటే గడ్డకట్టే చోట నీళ్లు పోయడమే. వాల్వు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే పట్టేస్తే ట్యాంకు కొద్ది నిమిషాల్లో ఖాళీ అవుతుంది. రుషికొండకు సరిపడేది మిషిగన్‌కు సరిపడదు.

ముక్కుకే తన పని తిరిగి అప్పగించే దారి కూడా ఉంది. ముఖమంతా కప్పే ఫుల్ ఫేస్ మాస్కు వేసుకుంటే ముక్కుతో పీల్చవచ్చు. నీటి అడుగున వృత్తిగా పనిచేసేవాళ్లు దాన్ని వాడతారు. ఖరీదు ఎక్కువ, శిక్షణ వేరే కావాలి, సరదా డైవర్‌కు అంత అవసరం లేదు. రీబ్రీదర్ అయితే చెమ్మ సమస్యనే తిరగేస్తుంది. వదిలిన ఊపిరిని బయటికి పోనీయకుండా సోడా సున్నం గుండా తిప్పి బొగ్గుపులుసు వాయువును పట్టేస్తుంది. సున్నం ఆ వాయువుతో కలిసినప్పుడు వేడీ నీరూ పుడతాయి. లోపల తిరిగే గాలి వెచ్చగా, తడితడిగా ఉంటుంది. ఇక 2025 జులై 18న విశాఖలో నౌకాదళంలో చేరిన, హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన ఐఎన్ఎస్ నిస్తార్ లాంటి ఓడ నుంచి 300 మీటర్ల లోతుకు దిగేవాళ్లు పీల్చేది హీలియం కలిసిన వాయువు. వాళ్లకు వేడినీళ్లు ప్రవహించే సూట్లుంటాయి, గాలిని కూడా వేడిచేస్తారు. అది మరో ప్రపంచం.

నా వరకు అసలు మార్పు తెచ్చినవి మాత్రం పరికరాలు కావు. ఆ మొదటి రోజు పడవ ఊపుకు వాంతి వస్తుందేమోనన్న భయంతో ఒక మాత్ర వేసుకున్నాను. మన మందుల షాపుల్లో దొరికే ప్రయాణపు మాత్రల్లో చాలావాటికి, అవోమిన్‌తో సహా, నోరెండించే గుణముంది. మత్తు కూడా కలిగిస్తాయి. జలుబు మాత్రలు, కొన్ని రక్తపోటు మందులు కూడా ఇలాంటివే. అంటే నేను ఉమ్మి ఊటను ముందే మూసుకుని, ఆ మీదట పొడిగాలి పీల్చడానికి దిగానన్నమాట. రెగ్యులేటర్‌ను తప్పుపట్టే ముందు మాత్రల పెట్టెను చూసుకోవాలి. మానేయడమా మార్చడమా అన్నది డైవింగ్ సంగతి చెప్పి డాక్టర్‌నే అడగాలి. ఏ మాత్రా లేకుండా నేలమీద కూడా నోరెండుతుంటే, అది మధుమేహానికో ఉమ్మి గ్రంథుల జబ్బుకో గుర్తు కావచ్చు. దానికి డైవింగ్ షాపులో మందు లేదు.

నీళ్లు తాగడం గురించి కొంచెం నిదానంగా మాట్లాడాలి. ఊపిరితో పోయేది అర గ్లాసేనన్నాను. కానీ నీళ్లలో మునిగితే కాళ్లూ చేతుల్లోని రక్తం ఛాతీ వైపు జరుగుతుంది. ఒళ్లు దాన్ని నీరు ఎక్కువైందని అనుకుని మూత్రంగా తోసేస్తుంది. పడవ మీద ఎండకు పోయే చెమట వేరే. ఈ నష్టాలే పెద్దవి. 2006లో ఫాల్‌మన్, డ్రామ్‌స్కీ అనే పరిశోధకులు పందుల మీద చేసిన ప్రయోగంలో, నీరు తగ్గిన జంతువులకు తీవ్రమైన డీకంప్రెషన్ జబ్బు, అంటే పైకొచ్చేటప్పుడు ఒంట్లో బుడగలు కట్టి వచ్చే జబ్బు, ముప్పు పెరిగింది. 2009లో ప్రచురితమైన ఒక ఫ్రెంచి అధ్యయనంలో ఎనిమిది మంది సైనిక డైవర్లు దిగే ముందు 1.3 లీటర్ల ఉప్పు-చక్కెర పానీయం తాగితే రక్తంలో బుడగలు తగ్గాయి. ఎనిమిది మంది చాలా చిన్న గుంపు. పంది మనిషి కాదు. అయినా నీళ్లు తాగి దిగమనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. గంటన్నర ముందు నుంచి కొద్దికొద్దిగా తాగితే కడుపులో కదలదు. నేను ఉప్పు వేసిన పలచటి మజ్జిగ తాగుతాను.

నీటి అడుగున చేసేది కూడా కొంత ఉంది. నెమ్మదిగా, పూర్తిగా ఊపిరి తీస్తే నిమిషానికి నోటి మీదుగా పోయే గాలే తగ్గుతుంది. కంగారుపడి ఎగశ్వాస తీస్తే రెట్టింపు గాలి రెట్టింపు తడిని లాక్కుపోతుంది. నాలుక కొసను పై పళ్ల వెనక్కి ఆనించి ఉంచితే గాలి నేరుగా గొంతుకు కొట్టదు. కొందరు రెగ్యులేటర్‌లోకి చుక్క సముద్రపు నీరు రానిచ్చి పుక్కిలించేస్తారు. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పున్న నీరది. పొరపాటున మింగితే దాహం పెరుగుతుంది, కొత్తవాళ్లకు అదే దగ్గు తెప్పిస్తుంది. నేను దాన్ని ఎవరికీ చెప్పను. చప్పరించే బిళ్లలూ, గమ్ నోట్లో పెట్టుకుని దిగడం మరీ ప్రమాదం. దగ్గొస్తే అవి గొంతుకు అడ్డంపడతాయి.

రెండోసారి దిగినప్పుడు మాత్ర వేసుకోలేదు. మజ్జిగ తాగాను. పావుగంట దాటాక నాలుక మళ్లీ బరువెక్కడం మొదలైంది. ఆగి, ఒక రాతి పక్కన నిలకడగా తేలుతూ, కొండాపురంలో మా ఇంటి వెనక చింతచెట్టును తలుచుకున్నాను. ఇంకా గింజ ముదరని పచ్చి చింతకాయ, ఉప్పులో అద్ది పంటి కింద పెట్టినప్పటి పులుపు. దవడల వెనక చివుక్కుమంది. నోట్లో నీరూరింది. గుటక వేశాను, గొంతు గీరుకోలేదు. శిక్షకుడు బాగున్నావా అని వేళ్లతో అడిగాడు. బాగున్నానని వేళ్లతోనే చెప్పాను.